వాస్తవ సంఖ్యలు: వర్గీకరణ, పోలిక

సంఖ్యారేఖ మీద ఒక్కో బిందువుకు ఒక్కో సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యలన్నిటినీ కలిపి వాస్తవ సంఖ్యలు అంటారు. 7, −12, 3/5, 0.25, √2, వృత్త పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే ‘పై’, ఇవన్నీ ఆ కోవలోవే. బీజగణితంలో అడుగుపెట్టిన విద్యార్థి వీటి విషయంలో రెండు పనులు నేర్చుకోవాలి. ఇచ్చిన సంఖ్య ఏ తరగతికి చెందుతుందో చెప్పడం ఒకటి, ఇచ్చిన రెండింటిలో ఏది పెద్దదో తేల్చడం మరొకటి. పాఠ్యపుస్తకాలు వీటిని వేర్వేరు అభ్యాసాలుగా ఇస్తాయి, పిల్లలూ వేర్వేరుగానే గుర్తుపెట్టుకుంటారు. కానీ ఈ రెండింటిలో పోలికే మూలం. ఏ రెండు సంఖ్యలనైనా పోల్చవచ్చు అన్న గుణం మీదే 19వ శతాబ్దపు గణితజ్ఞులు వాస్తవ సంఖ్య అన్న భావనను నిలబెట్టారు.

తరగతులు

లెక్కపెట్టడానికి వాడే 1, 2, 3... సహజ సంఖ్యలు. వాటికి సున్నాను చేరిస్తే పూర్ణాంకాలు. −1, −2, −3... లను కూడా చేరిస్తే పూర్ణసంఖ్యలు. ఈ చివరి రెండు పేర్ల దగ్గర పరీక్షల్లో తికమక మామూలే. −5 పూర్ణసంఖ్యే గాని పూర్ణాంకం కాదని గుర్తుంటే చాలు.

ఒక పూర్ణసంఖ్యను సున్నా కాని మరో పూర్ణసంఖ్యతో భాగించినట్టు రాయగలిగినదంతా అకరణీయ సంఖ్య. అలా రాయడం ఏ విధంగానూ వీలుకాని వాస్తవ సంఖ్య కరణీయ సంఖ్య. ఏ వాస్తవ సంఖ్య అయినా ఈ రెండింటిలో ఒకటి అయి తీరాలి, రెండూ కాలేదు. మిగతా తరగతులు మాత్రం ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. 8 సహజ సంఖ్య. అందుకే అది పూర్ణాంకమూ, పూర్ణసంఖ్యా, 8/1గా రాయవచ్చు కాబట్టి అకరణీయ సంఖ్యా, వాస్తవ సంఖ్యా కూడా. కరణీయ సంఖ్యలు ఈ వరసలో చివరిదైన వాస్తవ సంఖ్యల్లో తప్ప ఇంకెక్కడా చేరవు.

నిర్వచనాల్లో కష్టమేమీ లేదు. చిక్కంతా సంఖ్య వేసుకొచ్చే వేషంతోనే. వర్గమూలం గుర్తు కనబడగానే కరణీయం అనేయడం అందరూ చేసే పని. √16 అంటే 4, సహజ సంఖ్య. √(4/9) అంటే 2/3, అకరణీయ సంఖ్య. భిన్నంలా కనబడే 18/3 సహజ సంఖ్య, 0/5 సున్నా, 5/0 అసలు సంఖ్యే కాదు. √2/2లో లవం, హారం రెండూ ఉన్నా అది అకరణీయం కాదు, ఎందుకంటే కరణీయాన్ని సున్నా కాని పూర్ణసంఖ్యతో భాగిస్తే వచ్చేది కరణీయమే. అలాగని లవ హారాలు రెండూ కరణీయాలైతే ఫలితం కరణీయమే అనుకోవడమూ తప్పే: √8/√2 విలువ 2. కాబట్టి ముందు సూక్ష్మీకరించి, ఆ తర్వాతే తరగతి చెప్పాలి.

√(−4) వాస్తవ సంఖ్య కాదు, ఎందుకంటే ఏ వాస్తవ సంఖ్య వర్గమూ రుణం కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహంలో రుణ సంఖ్య వర్గం కాదు గనుక దానికి వర్గమూలం ఉండదని చెప్పాడు. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చినది ఈ గ్రంథాన్నే. ఘనమూలానికి ఈ అడ్డంకి లేదు: −8 ఘనమూలం −2.

‘పై’ విషయంలో పాత అలవాటు ఒకటి అడ్డొస్తుంది. దాని విలువ 22/7 అని చిన్న తరగతుల నుంచి వల్లెవేసినవాళ్లు అది అకరణీయమే కదా అంటారు. 22/7 అకరణీయమే, కానీ అది ‘పై’ కాదు. ‘పై’ 223/71 కంటే ఎక్కువ, 22/7 కంటే తక్కువ అని క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడీస్ నిరూపించాడు. 22/7 దశాంశ రూపం 3.142857...; ‘పై’ 3.141592... మూడో దశాంశ స్థానంలోనే దారులు వేరయ్యాయి. ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో 62832/20000, అంటే 3.1416 ఇస్తూ, అది ‘ఆసన్నం’ అని, దగ్గరి విలువ మాత్రమేనని చెప్పాడు. ‘పై’ కరణీయమన్న నిరూపణ మాత్రం 1760లలో లాంబర్ట్ ఇచ్చేదాకా రాలేదు.

√2కు అంత శ్రమ అక్కర్లేదు. √2ను కనిష్ఠ రూపంలో ఉన్న భిన్నంగా రాశామనుకుందాం. రెండు వైపులా వర్గం చేస్తే, లవం వర్గం హారం వర్గానికి రెట్టింపు అవుతుంది. అంటే లవం వర్గం సరిసంఖ్య, కాబట్టి లవమూ సరిసంఖ్యే. సరిసంఖ్య వర్గాన్ని 4 నిశ్శేషంగా భాగిస్తుంది. అందులో సగమైన హారం వర్గం కూడా సరిసంఖ్యే కాబట్టి హారమూ సరిసంఖ్యే. రెండూ సరిసంఖ్యలైతే 2తో కొట్టివేయవచ్చు. కనిష్ఠ రూపం అన్న మాట అక్కడే తప్పిపోయింది. హైస్కూలు గణితంలో ఇంతకన్నా పొందికైన నిరూపణ లేదనే చెప్పాలి. ఇదే దారిలో వెళితే √3, √5, √6, √7, ఒక్కమాటలో చెప్పాలంటే సంపూర్ణ వర్గం కాని ప్రతి సహజ సంఖ్య వర్గమూలమూ కరణీయమే.

అకరణీయ సంఖ్యలను ఎలా కూడినా, గుణించినా అకరణీయమే వస్తుంది. కరణీయాలకు ఆ కట్టుబాటు లేదు. 2 + √3, 2 − √3 రెండూ కరణీయాలు. వాటి మొత్తం 4, లబ్ధం 1.

దశాంశాలు చెప్పేది, చెప్పనిది

అకరణీయ సంఖ్యను దశాంశంగా రాస్తే అది ఎక్కడో ఆగుతుంది, లేదా కొన్ని అంకెలు అదే వరుసలో మళ్లీ మళ్లీ వస్తాయి. కారణం భాగహారంలోనే ఉంది. 7తో భాగించేటప్పుడు రాగల శేషాలు 0 నుంచి 6 వరకే. సున్నా వస్తే లెక్క ఆగుతుంది. రాకపోతే ఆరు అడుగుల్లోపు ఏదో ఒక శేషం తిరిగి రాక తప్పదు, అక్కడినుంచి పాత కథే మొదలు. అందుకే 1/7 = 0.142857142857...

ఏది ఆగుతుందో భాగించకుండానే చెప్పవచ్చు. కనిష్ఠ రూపంలో హారానికి 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకాలు లేకపోతే దశాంశం అంతమవుతుంది. 7/40 = 0.175 అవుతుంది, 5/6 మాత్రం 0.8333... గా సాగుతుంది. 6/15 హారంలో 3 ఉందని తొందరపడకూడదు. కనిష్ఠ రూపం 2/5, విలువ 0.4.

దీనికి వ్యతిరేక దిశలో, దశాంశాన్ని చూసి తరగతి చెప్పడం అంత సులువు కాదు. 1/97 దశాంశంలో ఆవృతమయ్యే ఖండం పొడవు 96 అంకెలు. క్యాలిక్యులేటర్ తెర మీద పదీ పన్నెండు అంకెలు చూసి అది కరణీయమని నిర్ణయిస్తే తప్పినట్టే. ఇంకోవైపు 0.1010010001... చూడండి. ఒక్కో 1 తర్వాత ఒక్కో సున్నా పెరుగుతూ పోతుంది, తర్వాతి అంకె ఏమిటో ఎవరైనా చెప్పగలరు. అయినా ఏ ఖండమూ యథాతథంగా తిరిగి రాదు, అందుకే అది కరణీయం. క్రమం ఉండటం వేరు, ఆవృతం కావడం వేరు.

0.999... అన్నది 1 కంటే కాస్త తక్కువ అని చాలామంది వాదిస్తారు. అది 1కి సమానం. 1/3 = 0.333... అని ఒప్పుకున్నవారు రెండు వైపులా 3తో గుణించి చూసుకోవచ్చు.

అంతం కావడమన్నది సంఖ్య స్వభావం కాదు, రాసే పద్ధతి స్వభావం. ఈ సంగతిని పాఠ్యపుస్తకాలు ఎందుకో పట్టించుకోవు. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలు నాలుగేసి వంతులుగా సాగేవి: పావు అంటే 1/4, వీసం అంటే 1/16, ఆపైన వీసంలో పావు, అందులో మళ్లీ పావు. వీటికి ప్రత్యేకంగా అంకెలు ఉండేవి. 2008లో యూనికోడ్ తన 5.1 కూర్పులో వాటికి చోటిచ్చింది, నాలుగు యొక్క బేసి ఘాతాలకు వేరుగా, సరి ఘాతాలకు వేరుగా. ఈ పద్ధతిలో 1/5 ఎన్నటికీ ముగియదు: మూడు వీసాలు వేసి, మిగిలినదానికి 256లో మూడు వంతులు వేసి, అలా వేసుకుంటూనే పోవాలి. 1/3 కూడా అంతే. పావు, వీసం, వీసంలో పావు... ఇలా అనంతంగా కూడితేనే మూడో వంతు వస్తుంది. కంప్యూటర్‌కూ ఇదే తంటా. అది రెండు ఆధారంగా లెక్కిస్తుంది కాబట్టి 0.1ని ముగించలేక ఎక్కడో తెంచేస్తుంది. అందువల్లే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1 + 0.2 అంటే 0.30000000000000004 అని చూపిస్తుంది, అది 0.3కి సమానమా అంటే కాదంటుంది. ఆధారం పది అయినా, నాలుగైనా, రెండైనా మారనిది ఒకటే: అకరణీయ సంఖ్య ఆగుతుంది లేదా ఆవృతమవుతుంది, కరణీయ సంఖ్య రెండూ చేయదు.

ఏది పెద్దది?

రెండు వాస్తవ సంఖ్యల్లో మొదటిది రెండోదానికంటే చిన్నది, లేదా సమానం, లేదా పెద్దది. ఈ మూడింటిలో కచ్చితంగా ఒక్కటే నిజం. సంఖ్యారేఖపై కుడివైపు ఉన్నది పెద్దది. బీజగణిత భాషలో అయితే, మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసేస్తే ధన సంఖ్య వస్తే మొదటిది పెద్దది. పోలిక పద్ధతులన్నీ ఈ ఒక్క వాక్యం నుంచే పుడతాయి.

రెండు వైపులా ఒకే సంఖ్యను కూడినా, తీసేసినా క్రమం మారదు. ధన సంఖ్యతో గుణించినా మారదు. రుణ సంఖ్యతో గుణిస్తే మాత్రం తిరగబడుతుంది: 3 < 8, కానీ −3 > −8. అసమీకరణాల సాధనలో మార్కులు ఎక్కువగా పోయేది ఈ ఒక్కచోటే. పరమ మూల్యం అంటే సున్నా నుంచి ఉన్న దూరం. రుణ సంఖ్యల్లో దేనికి పరమ మూల్యం ఎక్కువో అదే చిన్నది.

భిన్నాలను పోల్చాలంటే హారాలు సమానం చేయాలి. 5/7, 7/10లలో ఏది పెద్దది? 5 × 10 = 50, 7 × 7 = 49; కాబట్టి 5/7 పెద్దది. ఈ అడ్డ గుణకారం వేరే కిటుకేమీ కాదు, రెండు హారాలనూ 70 చేసి లవాలను చూడటమే. హారాలు రెండూ ధనంగా ఉంటేనే ఇది పనిచేస్తుందన్న షరతును మాత్రం మరవకూడదు. భిన్నాలు ఎక్కువగా ఉంటే హారాల క.సా.గు. తీసుకోవడం మేలు, మహావీరాచార్యుడు దీనికి ‘నిరుద్ధం’ అని పేరు పెట్టాడు. రుణ భిన్నాలైతే ముందు గుర్తులు పక్కనపెట్టి పోల్చి, చివర్లో క్రమం తిప్పాలి. 3/4 > 2/3 కాబట్టి −3/4 < −2/3.

దశాంశాల్లో స్థానాలవారీగా ఎడమనుంచి చూడాలి. 0.45, 0.7లలో 45 పెద్దది కదా అని మొదటిదాన్ని ఎంచుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. 0.7ను 0.70 అని రాయిస్తే సందేహం పోతుంది.

అసలు రుచి మూలాల దగ్గర ఉంది. ధన సంఖ్యల్లో పెద్దదాని వర్గమూ పెద్దదే కాబట్టి, వర్గమూలాల విలువలు కట్టకుండా వర్గాలను పోల్చవచ్చు. 3√2, 2√5ల వర్గాలు 18, 20, రెండోది పెద్దది. √2, 3 ఘనమూలం వంటివి ఎదురైతే రెండింటినీ ఆరో ఘాతానికి ఎత్తాలి. 8, 9 వస్తాయి, కాబట్టి 3 ఘనమూలమే పెద్దది. √2 + √3 పెద్దదా, √10 పెద్దదా? మొదటిదాని వర్గం 5 + 2√6, రెండోదానిది 10. రెండింటిలోంచీ 5 తీసేస్తే 2√6, 5 మిగులుతాయి. మళ్లీ వర్గం చేస్తే 24, 25. ఒక్క తేడాతో √10 గెలిచింది. క్యాలిక్యులేటర్ 3.146..., 3.162... అని ఇదే మాట చెబుతుంది, ఎందుకో మాత్రం చెప్పదు.

రుణ సంఖ్యల్లో వర్గాలను నేరుగా పోల్చితే జవాబు తలకిందులవుతుంది. −√7, −2.6 ల వర్గాలు 7, 6.76, అయినా చిన్నది −√7. విలోమాల విషయంలోనూ గుర్తు చూసుకోవాలి. 3 < 5 అయితే 1/3 > 1/5, క్రమం తిరిగింది. −3 < 5 అయినప్పుడు −1/3 < 1/5, తిరగలేదు. వర్గం చేస్తే సంఖ్య పెరుగుతుందన్న నమ్మకమూ ధన సంఖ్యల్లో 1 దాటాకే చెల్లుతుంది. 1/4 వర్గం 1/16, వర్గమూలం 1/2.

ఏ రెండు వేర్వేరు వాస్తవ సంఖ్యల మధ్యనైనా అకరణీయ సంఖ్య ఉంటుంది, కరణీయ సంఖ్యా ఉంటుంది. ఒక్కటి కాదు, అనంతంగా. 1/3, 1/2ల సగటు 5/12 వాటి మధ్యది. ఆ సగటుకూ 1/2కూ మళ్లీ సగటు తీయవచ్చు. అందువల్ల ఒక వాస్తవ సంఖ్యకు ‘తర్వాతి సంఖ్య’ ఏదన్న ప్రశ్నకు అర్థం లేదు.

చరిత్రలో

కరణీయ సంఖ్యలను కరణీయాలని గుర్తించకముందే వాటికి చక్కని విలువలు కట్టినవాళ్లున్నారు. సుమారు 3,700 ఏళ్ల నాటి ఒక బాబిలోనియా మట్టి పలక మీద √2 విలువ అరవై ఆధారంగా ఉంది. దశాంశాల్లో అది 1.414212..., ఐదు స్థానాల దాకా సరైనది. బౌధాయన శుల్బసూత్రం ఇచ్చిన విలువ 577/408కి సమానం, 1.414215...; అదీ ఐదు స్థానాల దాకా సరిపోతుంది. చతురస్రం భుజాన్ని, కర్ణాన్ని ఏ ఒక్క కొలతతోనూ నిశ్శేషంగా కొలవలేమని కనుగొనడం గ్రీకు పైథాగరస్ అనుయాయుల ఘనత. ఆ రహస్యం బయటపెట్టినందుకు వారిలో ఒకడైన హిప్పాసస్ సముద్రంలో మునిగిపోయాడన్న కథ ప్రసిద్ధం, ఆధారాలు మాత్రం బలహీనం.

సున్నా, ధన, రుణ సంఖ్యలతో కూడికలు, గుణకారాలు ఎలా చేయాలో 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో నియమాలు రాశాడు. అక్కడ ధనమంటే ఆస్తి, రుణమంటే అప్పు. ఐరోపాకు రుణ సంఖ్యలు అంత తేలిగ్గా మింగుడుపడలేదు. 1758లో కూడా ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మాసెరెస్ వాటిని బీజగణితం నుంచి తొలగించాలని పుస్తకం రాశాడు. పోలిక గుర్తులు మాత్రం ఐరోపా నుంచి వచ్చినవే: సమానం గుర్తు 1557లో రాబర్ట్ రికార్డ్‌ది, < > గుర్తులు 1631లో అచ్చయిన థామస్ హారియట్ గ్రంథంలోవి. దశాంశాలను ఐరోపాలో వాడుకలోకి తెచ్చినది 1585లో సైమన్ స్టెవిన్ రాసిన చిన్న పుస్తకం. సమీకరణాల మూలాలను వాస్తవం, కల్పితం అని విడదీసి పిలిచినవాడు 1637లో డెకార్ట్.

ఇంత జరిగినా √2 అంటే కచ్చితంగా ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. జర్మనీకి చెందిన రిచర్డ్ డెడికిండ్ 1872లో ఇచ్చిన జవాబు పూర్తిగా పోలిక మీదే నడుస్తుంది. అకరణీయ సంఖ్యలన్నిటినీ రెండు గుంపులు చేయండి. రుణ సంఖ్యలూ, సున్నా, వర్గం 2కు తక్కువైన ధన సంఖ్యలూ ఎడమ గుంపు. మిగిలినవన్నీ కుడి గుంపు. ఎడమ గుంపులో అన్నిటికన్నా పెద్దది లేదు, కుడి గుంపులో అన్నిటికన్నా చిన్నది లేదు. ఈ కోత సృష్టించే కొత్త సంఖ్యే √2 అన్నాడు డెడికిండ్. అంటే ఒక సంఖ్యకంటే ఏయే అకరణీయాలు చిన్నవో తెలిస్తే ఆ సంఖ్య తెలిసినట్టే. రెండేళ్ల తర్వాత 1874లో గేయార్గ్ కాంటర్ ఇంకో దెబ్బ కొట్టాడు. అకరణీయ సంఖ్యలను ఒకటి, రెండు, మూడు అంటూ జాబితాగా రాయవచ్చు గాని వాస్తవ సంఖ్యలను అలా రాయలేమని నిరూపించాడు. పాఠాల్లో అరుదైన అతిథుల్లా వచ్చే కరణీయాలే నిజానికి అధిక సంఖ్యాకులు.

తేలిన తగవులు, తేలనివి

కరణీయాల్లోనూ తరగతులున్నాయి. √2 లాగా పూర్ణసంఖ్యలు గుణకాలుగా ఉన్న బహుపది సమీకరణానికి మూలమయ్యేవి బీజీయ సంఖ్యలు, ఎన్నటికీ కానివి బీజాతీత సంఖ్యలు. ‘ఇ’ అనే సహజ సంవర్గమాన ఆధారం (2.71828...) బీజాతీతమని 1873లో హెర్మైట్, ‘పై’ బీజాతీతమని 1882లో లిండెమన్ నిరూపించారు.

రూపం ఎంతగా బోల్తా కొట్టిస్తుందో చెప్పడానికి ఒక సంఖ్య చాలు. 163 వర్గమూలాన్ని ‘పై’తో గుణించి, ఆ ఘాతానికి ‘ఇ’ని ఎత్తితే 2,62,53,74,12,64,07,68,743.99999999999925... వస్తుంది. దశాంశ బిందువు తర్వాత వరసగా పన్నెండు తొమ్మిదులు. మామూలు క్యాలిక్యులేటర్ దీన్ని పూర్ణసంఖ్య అనే నమ్మిస్తుంది. అది పూర్ణసంఖ్య కాదు, అకరణీయమూ కాదు, బీజాతీతం. 1934లో గెల్ఫొండ్ నిరూపించిన సిద్ధాంతం నుంచి ఇది వస్తుంది.

కొన్ని సంఖ్యలను కావలసినంత సూక్ష్మంగా పోల్చగలం గాని వర్గీకరించలేం. ‘పై’, ‘ఇ’ల మొత్తం 5.85987..., లబ్ధం 8.53973... ఏ భిన్నం ఇచ్చినా వీటికంటే పెద్దదో చిన్నదో చెప్పడం కష్టం కాదు. ఈ రెండింటిలో కనీసం ఒకటి బీజాతీతమని కూడా తెలుసు. కానీ మొత్తం ఒక్కదాన్నే తీసుకుంటే అది అకరణీయమో కరణీయమో ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. లబ్ధం సంగతీ అంతే. 18వ శతాబ్దంలో ఆయిలర్ పరిచయం చేసిన 0.57721... అన్న స్థిరాంకమూ ఈ జాబితాలోనే ఉంది.